పాపికొండలకు పోయే ముందు

పట్నం వాళ్ళు పాపికొండలకు పోదామనుకుంటే ముందు లాంచీ టిక్కెట్టు గురించి అడుగుతారు. ఎన్ని గంటలకు బయలుదేరుతుంది, భోజనంలో ఏం పెడతారు, తిరిగొచ్చేసరికి ఎంత రాత్రవుతుంది. తప్పేం లేదు, ఊరుకాని ఊరు పోయేవాళ్ళు అడగవలసిన ప్రశ్నలే. కానీ మన్యంలో పుట్టి మన్యంలోనే పాఠాలు చెప్పుకుంటున్న ఆదివాసీ ఉపాధ్యాయులం మనం కూడా, మన పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ కొండలకు పోవాలనుకున్నప్పుడు, అవే ప్రశ్నలు కాగితం మీద రాసుకుంటున్నాం. పైన విహారయాత్ర అని రాసి, కింద బస్సు ఖర్చు, లాంచీ ఖర్చు, తిండి ఖర్చు అని మూడు గీతలు గీస్తే ఏర్పాట్లు అయిపోయాయనుకుంటున్నాం. ఆ కాగితం గురించే ఈ వ్యాసం. ఆ కొండలకు మనకంటే ముందు చాలామంది ఏదో ఒక పని పెట్టుకునే వచ్చారు. ఎవరు ఏ పని మీద వచ్చారో పిల్లలకు చెప్పగలిగితే, మనం ఏ పని మీద పోతున్నామో కూడా తేల్చుకోగలుగుతాం.

ముందు చోటు గురించి నాలుగు మాటలు. తూర్పు కనుమలను గోదావరి చీల్చుకుని మైదానంలోకి దిగే చోటు పాపికొండలు. రాజమండ్రి దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున కనిపించే గోదావరి ఇక్కడ కొండల మధ్య ఇరుకైపోయి, లోతుగా, చడీచప్పుడు లేకుండా పోతుంది. నదికి రెండు పక్కలా, ఉమ్మడి తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల కొండల్లో ఉన్న అడవిని 1978లో అభయారణ్యం అన్నారు, 2008లో జాతీయ పార్కు చేశారు. విస్తీర్ణం 1012.86 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న జాతీయ పార్కుల్లో ఇదే పెద్దది. శేషాచలం కొండల్లోని శ్రీవేంకటేశ్వర పార్కు దీని ముందు చిన్నది. పులి, చిరుత, అడవిదున్న, రేసుకుక్క, కణితి, దుప్పి ఉన్నాయని అటవీ శాఖ బోర్డుల మీద బొమ్మలతో సహా ఉంటుంది. వెదురు, టేకు, మద్ది, ఇప్ప, జీలుగు ఉన్నాయి. ఆ బోర్డుల మీద సాధారణంగా కనిపించనిది ఏమిటంటే, కొండరెడ్లూ కోయలూ ఉన్నారన్న సంగతి. కొండరెడ్లను ప్రభుత్వమే ఆదిమ గిరిజన తెగగా గుర్తించింది. వాళ్ళ మాట తెలుగే. కోయలకు కోయ భాష ఉంది. పార్కు హద్దుల లోపలా, అంచుల్లోనూ వీళ్ళ గూడేలు ఉన్నాయి.

పేరు సంగతి కూడా చూడండి. రెండు పక్కలా కొండలు, నడుమ సన్నగా నది, ఆడపిల్ల తల మీద పాపిడిలా ఉంటుంది కాబట్టి పాపిడికొండలు అన్నారని, అదే పాపికొండలు అయిందని లాంచీలో మైకు పట్టుకున్నవాళ్ళు చెబుతారు. తెల్లదొరల పటాల్లో ఈ కొండల పేరు బైసన్ హిల్స్, అంటే అడవిదున్నల కొండలు. రెండు పేర్లూ బాగానే ఉన్నాయి. అయితే మాకు తోచేది ఒకటుంది. పాపిడి కనిపించాలంటే మనిషి నీళ్ళ మీద, పడవలో ఉండాలి. కొండ మీద పోడు చేసుకునేవాడికి కొండ పాపిడిలా కనిపించదు. వాడికి ప్రతి గుట్టకూ, ప్రతి వాగుకూ, ఊట ఉన్న ప్రతి బండకూ విడివిడిగా పేరుంటుంది. ఆ పేర్లు పటాల్లోకి ఎక్కలేదు. ఈ మాట తర్వాత మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఈ కొండల మీద ప్రభుత్వపు కన్ను గట్టిగా పడింది నది వల్లనే. కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాడు. డెల్టాలో ఆయనకు ఊరూరా విగ్రహాలున్నాయి, మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉన్నాడు. అయితే గోదావరి మీద అప్పట్లో ఇంకో పెద్ద ఆలోచన నడిచింది. పైన నాగపూరు, బీరారు వైపు పండే పత్తిని పడవల మీద సముద్రం దాకా తీసుకురావాలని. నదికి అడ్డుగా ఉన్న రాళ్ళబారులు మూడింటిని దాటించాలి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఉంది. కాలువలు, లాకులు కట్టారు. చాలా డబ్బు పోశారు. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరుకు చేరిపోయింది. 1871లో నదీ మార్గం పని వదిలేశారు. పత్తి పోవలసిన దారి మాత్రమే మన నది అని వాళ్ళ లెక్క. రైలొచ్చాక ఆ దారి అక్కరలేకపోయింది. కానీ అప్పటికే కొండల్లో కలప ఎంత ఉందో, దాన్ని కట్టలు కట్టి నీళ్ళలోకి తోస్తే ఎంత సులువుగా రాజమండ్రి చేరుతుందో తెలిసిపోయింది.

ఆ తర్వాత పది సంవత్సరాలు కూడా గడవకముందే రంప పితూరీ వచ్చింది. 1879 మార్చి. చరిత్ర పుస్తకాల్లో ఇది రెండు మూడు వాక్యాల్లో ముగుస్తుంది, అందుకని కాస్త ఆగి చెబుతాం. రంప ప్రాంతం మన్సబ్‌దారు చేతిలో ఉండేది, అతని కింద ముఠాదారులు. కొండల్లో జీలుగు కల్లు, తాటి కల్లు తిండితో సమానం. ఎండాకాలం గింజలు నిండుకున్నాక అదే ప్రాణం నిలిపేది. ప్రభుత్వం ఆబ్కారీ నియమాలు మార్చి, కల్లు గీత హక్కును కౌలుదారులకు పాడింది. తన ఇంటి కోసం తన చెట్టు గీసుకున్నా పన్ను కట్టాలి. దాని పేరు చిగురు పన్ను. మన్సబ్‌దారు తన వాటా తాను అడిగాడు. దీనికి తోడు పైనుంచి వచ్చిన వర్తకుల అప్పులు, కోర్టు డిక్రీలు. విచారణకు వచ్చిన మద్రాసు రెవెన్యూ బోర్డు అధికారి సలివాన్ కూడా మన్సబ్‌దారు పాలన అన్యాయమైనదేనని ఒప్పుకున్నాడు. పితూరీ నడిపినవాళ్ళలో ముందు చెప్పవలసిన పేరు తమ్మన్నదొర. ద్వారబంధాల చంద్రయ్య మరొకరు. ఇద్దరూ 1880లోనే చనిపోయారు. మన్సబ్‌దారును తొలగించి ముఠాదారులతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

గెలిచామో ఓడామో అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మన్సబ్‌దారు పోయాడు, కాబట్టి కొంత గెలిచాం అని చెప్పవచ్చు. కానీ మూడేళ్ళు తిరక్కుండానే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఈసారి పితూరీ చేయడానికి ఎదురుగా మనిషి లేడు, కాగితం ఉంది. ఫలానా కొండ రిజర్వు అవుతుందని ప్రకటన వేస్తారు. దాని మీద ఎవరికైనా హక్కు ఉంటే గడువులోగా వచ్చి సెటిల్‌మెంటు అధికారికి చెప్పుకోవాలి. చదువు లేని, రోడ్డు లేని కొండ మీది మనిషి ప్రకటన చూసేదెప్పుడు, దిగి వచ్చేదెప్పుడు? గడువు దాటితే ఆ అడవిలో వాడి తాత నాటిన చింతచెట్టు కూడా ప్రభుత్వానిదే. పోడు నేరమైంది, మేత నేరమైంది. ఆ మంట మళ్ళీ 1922లో లేచింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు మన పిల్లలకైనా తెలియాలి. మల్లుదొర శిక్ష అనుభవించి వచ్చి 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఈ చరిత్ర చాలావరకు గూడెం కొండలది. అయినా ఆ ఏడాది అక్టోబరు నాటికి అడ్డతీగల, రంపచోడవరం దాకా వచ్చింది కాబట్టి మన దారిలోనిదే.

1941లో ఒక పరాయి దేశస్థుడు ఈ కొండలకు వచ్చాడు. అతని పని వేరు. హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం వల్ల శత్రు దేశపు పౌరుడిగా లెక్కలోకి వచ్చి, నిజాం రాజ్యం దాటి పోకూడదన్న ఆంక్షల మీద హైదరాబాదులో ఉన్నాడు. భార్య బెట్టీతో కలిసి పేరంటపల్లి వైపు కొండరెడ్డి గూడేల్లో తిరిగాడు. అప్పట్లో గోదావరికి ఇటు పక్క పేరంటపల్లి నిజాం పాలనలో ఉంటే, అటు పక్క ఒడ్డు మద్రాసు రాజ్యంలో ఉండేది. నది మధ్యలో కనిపించని గీత, రెండు ఒడ్డుల్లోనూ ఒకే ఇంటిపేర్లు. 1945లో అతని పుస్తకం అచ్చయింది. దాని పేరులోనే బైసన్ హిల్స్ రెడ్లు ఉన్నారు.

ఆ పుస్తకం మనవాళ్ళు చదవవలసిన పుస్తకం. కొండ మీది రెడ్లు గునపంలాంటి కర్రతో గుంతలు చేసి జొన్న, సామ నాటడం, పెద్దకాపు ఊరి మాట నడపడం, భూదేవికి పండుగ చేయకుండా కొత్త పంట నోట పెట్టకపోవడం, ఎండాకాలం మామిడి టెంకలోని పప్పును నానబెట్టి పిండి చేసుకోవడం, జీలుగు మాను లోపలి మెత్తని భాగాన్ని దంచి తినడం, ఇవన్నీ ఉన్నాయి. మన పిల్లలు టెంక పిండి అంబలి అంటే సిగ్గుపడతారు, నిజానికి సిగ్గుపడవలసింది ఆ ఆకలికి కారణమైనవాళ్ళు. అది కూడా అతను రాశాడు. నది ఒడ్డుకు దిగిన రెడ్లు కలప కాంట్రాక్టర్ల, వెదురు కాంట్రాక్టర్ల చేతిలో చిక్కి, అడ్వాన్సు తీర్చలేక, తమ పోడు వదిలి కూపుల్లో కూలి చేస్తూ, కొండ మీదివాళ్ళకంటే హీనమైపోయారని. బయటి ప్రపంచానికి దగ్గరైనకొద్దీ ఆదివాసీ బాగుపడతాడని అనుకునేవాళ్ళకు ఆ అధ్యాయాలు జవాబు. దొర రాశాడు కాబట్టి అంతా నిజమని మేము అనడం లేదు. అతను రాయనివి, తప్పుగా విన్నవి ఉంటాయి. ఇప్పుడు మనవాళ్ళే చదువుకున్నారు కాబట్టి ఆ పుస్తకం పట్టుకుని అవే గూడేలకు పోయి సరిచూసే పని మనది.

ఇక జాతీయ పార్కు అన్న మాట దగ్గరికి వద్దాం. ఇది మన మాట కాదు, అమెరికా నుంచి వచ్చింది. 1872 మార్చి 1న ఎల్లోస్టోన్ అనే కొండ ప్రాంతాన్ని జాతీయ పార్కుగా అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ప్రపంచంలో ఇదే మొదటిదని జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో పిల్లలు బట్టీ పడతారు. ఆ పుస్తకాల్లో లేనిది చెబుదాం. అక్కడ తుకుదికా అనే ఆదివాసులు ఉండేవారు. ఆ పేరుకు కొండగొర్రెలు తినేవాళ్ళు అని అర్థం. కొండగొర్రె కొమ్మును వేడినీటి ఊటల్లో మెత్తబరచి విల్లు చేసుకోవడంలో వాళ్ళు ఘనులు. పార్కు వచ్చాక కొద్ది సంవత్సరాల్లోనే వాళ్ళను అక్కడినుంచి తరలించారు. పార్కు అధికారిగా ఉన్న నోరిస్, ఆదివాసులకు ఆ వేడినీటి బుగ్గలంటే మూఢభయమని, అందుకే వాళ్ళు అక్కడ ఉండేవారు కాదని ప్రచారం చేశాడు. టూరిస్టులు భయపడకుండా రావాలి కదా. ఆ ఊటల్లోనే కొమ్ములు ఉడకబెట్టుకున్నవాళ్ళకు ఆ ఊటలంటే భయమట! 1877లో నెజ్ పెర్స్ అనే తెగవాళ్ళు సైన్యం తరుముతుంటే ఆడవాళ్ళతో, పిల్లలతో ఆ పార్కు గుండానే పారిపోయారు. అదే సమయంలో అక్కడ టూరిస్టులు గుడారాలు వేసుకుని ఉన్నారు.

అక్కడి ఒక కొండకు డోన్ అనే సైనికాధికారి పేరు పెట్టారు. 1870 జనవరిలో పీగన్ తెగ గుడారాల మీద పడి కనీసం 173 మందిని, ఎక్కువగా ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను చంపిన దాడిలో అతను ఉన్నాడు. 2022లో ఆ కొండ పేరు తీసేసి ఫస్ట్ పీపుల్స్ మౌంటెన్ అని మార్చారు, మొదటి మనుషుల కొండ అని. నూట యాభై ఏళ్ళ తర్వాత. ఆస్ట్రేలియాలో ఉలురు అనే పెద్ద ఎర్రరాతి కొండ ఉన్న పార్కును 1985లో అక్కడి అనంగు ప్రజలకు తిరిగి అప్పగించారు. అది తమకు పవిత్రమని, ఎక్కవద్దని వాళ్ళు ఎన్నో ఏళ్ళు అడిగాక, 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం పూర్తిగా ఆపేశారు. కాబట్టి పార్కు అంటే మనుషుల్ని ఖాళీ చేసిన అడవి అని ఎక్కడా శాసనం లేదు. అది ఒక అలవాటు, ఒక దేశంలో మొదలై మిగతా దేశాలు పుచ్చుకున్నాయి. మన దేశంలో 1936లో కుమావూ కొండల పాదాల దగ్గర హెయిలీ పేరున మొదటి పార్కు పెట్టారు, గవర్నరు పేరు అది. ఇప్పుడు దాన్ని కార్బెట్ పార్కు అంటాం.

స్వతంత్రం వచ్చాక 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేశారు. దానిలో అభయారణ్యానికీ జాతీయ పార్కుకూ ఉన్న తేడా మన యువకులకు తెలియాలి. అభయారణ్యంలో కలెక్టరు కొన్ని హక్కులను కొనసాగనివ్వవచ్చు. జాతీయ పార్కులో ఆ వెసులుబాటు లేదు, పశువుల మేత కూడా కుదరదు. అంటే 2008లో పాపికొండలకు పైస్థాయి బిరుదు వచ్చింది అనుకున్నది, అక్కడి గూడేలకు పట్టు బిగియడం. అయితే అదే సంవత్సరం ఇంకొకటి కూడా జరిగింది. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం, 2008 మొదట్లో నియమాలతో సహా అమలుకు వచ్చింది. ఆ చట్టం అటవీ భూమి అంటే ఏమిటో చెబుతూ, అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా అందులోకి వస్తాయని స్పష్టంగా రాసింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమి మీద హక్కు, ఇప్పపువ్వు, అడ్డాకు, తేనె, వెదురు లాంటి ఫలసాయం మీద హక్కు, కొండరెడ్లలాంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు, అన్నీ పార్కు లోపల కూడా అడగవచ్చు. అడగవలసింది గ్రామసభ. సొంత పోడుకు ఫారం ఏ, ఊరి ఉమ్మడి హక్కులకు ఫారం బి, ఊరి అడవిని ఊరే కాపాడుకునే హక్కుకు ఫారం సి. మాకు తెలిసిన చాలా గూడేల్లో మొదటిది మాత్రమే నింపారు. మూడో ఫారం చూసినవాళ్ళే తక్కువ. పదో తరగతి చదువుతున్న పిల్లవాడు నింపగలిగిన కాగితం అది.

ఇంతలో నీళ్ళు వచ్చాయి. పోలవరం ప్రాజెక్టు శంకుస్థాపన 1980లో, పనులు ఊపందుకున్నది 2004 తర్వాత, 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. ఆ ఏడాదే ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పేరంటపల్లి ఉన్న వేలేరుపాడు మండలం కూడా అలా ఇటు వచ్చింది. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశ 41.15. ఈ రెండు అంకెలు మన ముంపు గ్రామాల్లో ముసలమ్మలకు కూడా నోటికి వచ్చు. ఇల్లు ఏ కాంటూరులో ఉందో దాన్నిబట్టి ప్యాకేజీ ముందా వెనకా అని తేలుతుంది. పక్కపక్క ఇళ్ళలో ఒకటి మొదటి జాబితాలో, ఇంకొకటి రెండో జాబితాలో. మొత్తం మునిగేవి మూడు వందలకు పైగా ఊళ్ళు, వాళ్ళలో ఎక్కువమంది ఆదివాసులు. దేవీపట్నం మండలంలో నది ఒడ్డు గూడేలు చాలావరకు ఖాళీ అయి కాలనీలకు చేరాయి.

ఈ ఏడాది మా పిల్లల యాత్ర గురించి తరగతిలో చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, లాంచీ మా అమ్మమ్మ ఊరి దగ్గర ఆగుతుందా?" అని అడిగింది. ఆ ఊరు ఇప్పుడు లేదు. చింతచెట్ల కొమ్మలు ఎండిపోయి నీళ్ళలో నిలబడి ఉంటాయి. లాంచీ వాటి పక్కనుంచి పాట వేసుకుంటూ పోతుంది. తోటి ఉపాధ్యాయుల్లో కొందరు, పిల్లలు సరదాగా పోతున్నారు కదా, ఈ ఏడుపంతా ఇప్పుడెందుకు అన్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయముంది. హాస్టలు గోడల మధ్య ఏడాదంతా ఉండే పిల్లలకు ఒక రోజు నవ్వు కావాలి. కానీ ఆ అమ్మాయి ఏడవలేదు, అడిగింది. అడిగినదానికి జవాబు తెలియకుండా ఆ అమ్మాయిని లాంచీ ఎక్కించడం మాకు సరిగా తోచలేదు.

పట్నం నుంచి వచ్చేవాళ్ళకు ఈ కొండల గురించి చాలావరకు సినిమాలు చెప్పాయి. 1973లో అందాల రాముడు, 2006లో గోదావరి, రెండింట్లోనూ కథంతా రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే లాంచీలో నడుస్తుంది. మంచి సినిమాలే, మేమూ చూసి ఆనందించాం. లాంచీ మీద నుంచి చూస్తే కొండ ఎప్పుడూ వెనక తెరే. ఆ కొండ మీది మనుషులు 2019 సెప్టెంబరు 15న వార్తల్లోకి వచ్చారు. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద సుడుల్లో పర్యాటకుల బోటు మునిగి నలభై మందికి పైగా చనిపోయిన రోజు అది. ఒడ్డు గూడేలవాళ్ళు తమ చిన్న పడవలు వేసుకుని పోయి, నీళ్ళలో కొట్టుకుపోతున్నవాళ్ళను పైకి లాగారు. బతికినవాళ్ళు బతికింది చాలావరకు వాళ్ళ వల్ల. నదిని చూసి ఈ రోజు పడవ పోకూడదని చెప్పగలిగినవాళ్ళు కూడా వాళ్ళే. అడిగేవాళ్ళు లేరు.

అందుకని మా కాగితం ఈసారి వేరుగా రాసుకున్నాం. కాలం ముందు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి దగ్గరికి పిల్లల్ని తీసుకుపోయే మాటే లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన నది ఇది. డిసెంబరు బాగుంటుందని అందరూ అంటారు, అప్పుడు పట్నం రద్దీ కూడా ఎక్కువే. మేము సంక్రాంతి దాటాక, చింతపండు దులపడం మొదలు కాకముందు పోదామనుకున్నాం. అప్పటికి కొండ పంటలు ఇంటికి వస్తాయి, పెద్దవాళ్ళకు మనతో కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది. వాళ్ళ తీరికను బట్టి మన సెలవు పెట్టుకోవాలి తప్ప మన సెలవును బట్టి వాళ్ళు పని మానుకోకూడదు.

అనుమతులు రెండు. ఒకటి అటవీ శాఖకు, పడవల శాఖకు ఇచ్చే మామూలు కాగితాలు. పిల్లల పేర్లు, లైఫ్ జాకెట్ల లెక్క, ఇంటివాళ్ళ సంతకాలు, వీటిలో ఒక్కటి తగ్గినా బయలుదేరేది లేదు. లైఫ్ జాకెట్టు ఇస్తారా అని కాదు, చిన్నపిల్లల కొలతకు ఉన్నాయా అని అడగాలి. రెండోది మనం పోయే గూడేనికి ముందుగా మనిషిని పంపి పెద్దకాపును, సర్పంచును అడగడం. రావచ్చంటే పోతాం. ఆ వారంలో చావో, పండుగో ఉందంటే ఇంకో వారం పోతాం. చుట్టాలింటికి పోయినట్టే. బియ్యం, పప్పు, నూనె మనమే తీసుకుపోయి, వండే ఆడవాళ్ళకు కూలి ఇస్తాం. పేరంటపల్లి, కొల్లూరు వైపు వెదురుతో బొమ్మలు, బుట్టలు చేసి అమ్ముతారు. బేరమాడకుండా కొనండి. వెదురు కొట్టడం దగ్గర నుంచి ఆ బుట్టకు ఎన్ని రోజులు పట్టిందో పిల్లలు అడిగి రాసుకోవాలి, లెక్కల పాఠం అక్కడే చెప్పవచ్చు. ఎవరినీ ఫోటో కోసం నిలబెట్టవద్దు. మన పిల్లల చేత అక్కడ కొమ్ము నాట్యం ఆడించవద్దు, వాళ్ళ చేత మన కోసం ఆడించవద్దు. హోటళ్ళలో అతిథులకు స్వాగతం చెప్పడానికి కొమ్ములు పెట్టుకుని నిలబడే మన తమ్ముళ్ళను చూసినప్పుడల్లా మాకు గొంతు పట్టేస్తుంది.

ఇక నోటు పుస్తకం. ప్రతి ఇద్దరు పిల్లలకు ఒక పటం నకలు ఇస్తాం. అందులో నది గీత, కొండల గీతలు ఉంటాయి, పేర్లు ఉండవు. పేర్లు వాళ్ళే అడిగి నింపాలి. ఈ వాగు పేరేమిటి, ఎందుకొచ్చింది, ఈ బండ దగ్గర ఏ పండుగ చేసేవారు, ఇక్కడ పోడు ఎవరిది, చిగురు పన్ను మాట మీ తాతలు చెప్పారా, కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, గార్డు ఎప్పుడు మొదట వచ్చాడు. ఒకే చోటుకు ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయాలి. కోయ మాటలో చెప్పినది కోయ మాటలోనే తెలుగు అక్షరాల్లో రాయాలి. ఇలా రాసినది పరీక్షకు పనికిరాదని పిల్లలు అనుకోకుండా, సాంఘిక శాస్త్రం ప్రాజెక్టు మార్కులు దీనికే ఇస్తామని ముందే చెప్పాం. ఊరి ఉమ్మడి అడవి మీద హక్కు అడిగేటప్పుడు హద్దుల పేర్లు, వాడుక చోట్ల పేర్లు అవసరం అవుతాయి. పెద్దల మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చని ఆ చట్టం నియమాల్లోనే ఉంది. కాబట్టి ఆ పటాల నకళ్ళు ఒక జత గూడెంలో ఇచ్చి రావాలి, అవి వాళ్ళవి.

పని మొదలుపెట్టాక తేలింది ఒకటి. నది ఒడ్డు చోట్ల పేర్లు తెలిసిన పెద్దలు ఇప్పుడు నది ఒడ్డున లేరు, కాలనీల్లో వరసగా కట్టిన సిమెంటు ఇళ్ళలో ఉన్నారు. అందుకని యాత్రను రెండు రోజులు చేశాం. మొదటి రోజు కాలనీకి పోతాం, పిల్లలు పటం చాపకేసి పరిచి పెద్దల ముందు కూర్చుంటారు. రెండో రోజు లాంచీ. ఆ అమ్మాయి అమ్మమ్మ, మరో ఇద్దరు పెద్దలు మాతో వస్తామన్నారు. వాళ్ళ టిక్కెట్లు ఉపాధ్యాయులం తలా కొంత వేసుకున్నాం. లాంచీవాళ్ళతో మాట్లాడి, దేవీపట్నం దాటాక మైకు మాకు ఇమ్మని అడిగాం, అరగంట ఇస్తామన్నారు.